కరెంటు పోయినా పొంగని సంపు

ఇంట్లో రీఫ్ టాంకు (పగడాలు, సముద్రపు చేపలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) పెడుతున్నాం, దాని కింద సంపు ఎలా చేయించాలి అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. అందరి మొదటి ప్రశ్నా ఒకటే, ఏ స్కిమ్మర్ (నురగ పుట్టించి నీళ్లలోని మురికి తీసే పరికరం) కొనాలి అని. స్కిమ్మర్ సంగతి తర్వాత చూద్దాం గానీ, కరెంటు పోతే పై టాంకులోంచి ఎన్ని లీటర్లు కిందికి దిగుతాయి, అవన్నీ పట్టేంత ఖాళీ సంపులో ఉందా, ముందు అది చెప్పండి. మా హైదరాబాద్‌లో మే నెలలో గాలిదుమారం లేస్తే చాలు, కరెంటు పోతుంది. ఈ లెక్క తేల్చుకోకుండా ఎంత ఖరీదైన సామాను కొన్నా చివరికి తడిసేది హాలే.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. టాంకు కింద కబోర్డులో పెట్టే ఇంకో చిన్న టాంకే సంపు. పై నీళ్లు ఓవర్‌ఫ్లో పైపుల్లోంచి వాటంతట అవే దిగుతాయి. కింద మురికి వడకట్టే ఫిల్టర్ సాక్స్‌లోంచి, స్కిమ్మర్ గదిలోంచి వెళ్లి చివరి గదికి చేరితే అక్కడి రిటర్న్ పంపు మళ్లీ పైకి తోస్తుంది. హీటరూ స్కిమ్మరూ కంటికి కనబడకుండా కిందే ఉంటాయి, పైగా మొత్తం నీళ్లు పెరుగుతాయి కాబట్టి ఉప్పు శాతం, వేడి తొందరగా అటూ ఇటూ అవవు.

నా టాంకు 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, 20 అంగుళాల ఎత్తు. ఉన్నవి సాఫ్ట్ కోరల్సే (మెత్తటి పగడాలు), జోయాంథిడ్స్, మష్రూమ్స్, ఒక లెదర్. (రాతి పగడాలు, విసనకర్రల్లా ఉండే సీ ఫ్యాన్లు మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. ఎవరైనా చాటుగా ఇస్తామన్నా వాటి జోలికి పోకండి.) సంపు 36 అంగుళాల పొడవు, 15 వెడల్పు, 16 ఎత్తు.

ఇప్పుడు లెక్క. పై టాంకులో ఒక్క అంగుళం నీళ్లంటే సుమారు 14 లీటర్లు. సంపులో ఒక్క అంగుళానికి పట్టేది 9 లీటర్లకి కాస్త తక్కువే. అంటే పైన అంగుళం తగ్గితే కింద అంగుళంన్నర పైనే పెరుగుతుంది. రిటర్న్ పైపు మూతి నీళ్లలో 2 అంగుళాల లోతున ఉందనుకోండి. పంపు ఆగగానే అదే పైపు వెనక్కి లాగడం మొదలుపెడుతుంది, మూతి గాలికి తేలేదాకా ఆగదు. అక్కడికే 28 లీటర్లు. ఓవర్‌ఫ్లో పైపులుండే బాక్సులోవి, పైపుల్లోవి కలిపితే 35 దాకా వస్తుంది, అంటే సంపులో 4 అంగుళాలు. మామూలుగా నా సంపు 8 అంగుళాల మట్టంలో నడుస్తుంది, కరెంటు పోతే 12కి వస్తుంది, ఇంకా 4 మిగులుతాయి. ఆ మిగులు ఉండి తీరాలి, ఎందుకంటే ఎప్పుడో ఒకరోజు నీళ్లు మార్చేటప్పుడు ఓ బకెట్ ఎక్కువ పోస్తారు, పోయనివాళ్లు లేరు.

ఈ మాట గ్లాసు షాపులో చెప్తే మా గ్లాసాయన ఒప్పుకోడు. "సగం ఖాళీగా పెట్టుకునేదానికి ఇంత ఎత్తు ఎందుకు సార్, 12కి కోసేస్తా, గ్లాసు మిగులుద్ది" అంటాడు. "అన్నా, ఆ ఖాళీ కోసమే కదా ఇంత డబ్బు పెడుతోంది" అన్నాను. నవ్వి, మార్కర్‌తో గ్లాసు మీద 8 దగ్గర ఒక గీత, 12 దగ్గర ఒక గీత గీసి పక్కన పెట్టాడు. ఆ గీతలు చెరపనివ్వలేదు నేను, ఇప్పటికీ పనికొస్తున్నాయి. సంపుకి 8 ఎం.ఎం. గ్లాసు చాలు. సిలికాన్ మాత్రం ఫంగస్ మందు కలపనిదే అడగండి, అతికించాక వారం ఆరనివ్వండి, వెనిగర్ వాసన పూర్తిగా పోవాలి. పై టాంకుకి ఓవర్‌ఫ్లో పైపుల కోసం హోల్ కొట్టించేముందు ఆ గ్లాసు టఫెన్డ్ కాదని ఖాయం చేసుకోండి, టఫెన్డ్ అయితే డ్రిల్ పెట్టగానే మొత్తం చూరచూర అయిపోతుంది.

రిటర్న్ పైపుకి నీళ్లు వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ పెడితే సరిపోతుంది కదా అంటారు. పెట్టుకోండి, నమ్మకండి. లోపల నాచు, ఉప్పు పేరుకుంటే అది సరిగ్గా మూసుకోదు. నాకు నచ్చిన పద్ధతి మూతిని నీటి మట్టానికి అర అంగుళం కిందే ఉంచడం. అలా వీలుకాకపోతే మట్టానికి కాస్త కింద పైపుకి చిన్న బెజ్జం వేయండి, మట్టం దాని కిందికి దిగగానే గాలి పీల్చుకుని ఆ వెనక్కి లాగడం (సైఫన్) తెగుతుంది. ఈ బెజ్జం కూడా పూడుకుపోతుంది, అప్పుడప్పుడూ పళ్లపుల్లతో పొడవాలి.

పొంగడం కిందే కాదు, పైన కూడా జరగొచ్చు. ఓవర్‌ఫ్లో పైపులో ఓ నత్త ఇరుక్కుంటే నీళ్లు దిగవు, పంపు మాత్రం తన గదిలో ఉన్నదంతా పైకి తోసేస్తుంది. అందుకే చివరి గది చిన్నదిగా ఉండాలి. నా దాంట్లో పంపుకి అందేది 15 లీటర్లు, పైకెళ్తే అంగుళం పెరుగుతుంది. పై అంచు దగ్గర అంగుళంన్నర ఖాళీ ఉంది కాబట్టి ఎక్కడిదక్కడ ఆగుతుంది.

పైపులు హెర్బీ పద్ధతిలో వేయించాను. ఒక పైపు పూర్తిగా నీళ్లతో నిండి దిగుతుంది, దానికి గేట్ వాల్వ్. రెండోది ఎత్తులో ఖాళీగా, అత్యవసరానికి. బాల్ వాల్వ్ వద్దు, దాన్ని వెంట్రుకవాసి తిప్పడం కుదరదు. గేట్ వాల్వ్‌ని కొంచెం కొంచెం బిగిస్తూ పోతే ఒక చోట ఆ గుడగుడ శబ్దం టక్కున ఆగిపోతుంది. హాల్లో టాంకు పెట్టుకున్నవాళ్లకి, పక్కనే టీవీ చూసే పెద్దవాళ్లున్న ఇంట్లో, ఇది చిన్న విషయం కాదు.

ఇక స్కిమ్మర్. అది ఎన్ని అంగుళాల నీళ్లలో నిలబడాలో మాన్యువల్లో ఉంటుంది, ఆ గది బాఫిల్ (గదుల మధ్య గ్లాసు అడ్డు) ఎత్తు దాన్ని బట్టే కోయించండి. స్కిమ్మర్ గది మట్టం మారకూడదు. ఆవిరయ్యేది ఎంతైనా తేడా చివరి గదిలోనే కనబడుతుంది, ఆటో టాప్ ఆఫ్ (ఆవిరైనన్ని నీళ్లు దానంతటదే నింపే పరికరం) సెన్సర్ అక్కడే పెట్టాలి. అందులో పోసేది ఉప్పునీళ్లు కాదు, మంచినీళ్లు, అదీ టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) సున్నా ఉన్నవి. వంటింట్లో తాగే ఆర్వో నీళ్లు పనికిరావు, చాలావాటిలో రుచి కోసం మామూలు నీళ్లు కొంచెం కలుపుతారు. విడిగా డీఐ రెసిన్ (మిగిలిన లవణాలు కూడా పట్టేసే గుళికలు) పెట్టుకోవాల్సిందే. టాప్ ఆఫ్ డబ్బా మరీ పెద్దది వద్దు. సెన్సర్ ఇరుక్కుని 20 లీటర్లు ఒక్కసారే వెళ్లిపోయినా 300 లీటర్ల టాంకులో ఉప్పు వెయ్యికి 35 పాళ్ల నుంచి 33 దగ్గరికి దిగుతుంది, చేపలు తట్టుకుంటాయి. 100 లీటర్ల డ్రమ్ము తగిలిస్తే చెప్పలేం.

హైదరాబాద్ ఎండల్లో సంపు మీద ఒక ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, గాలి పొడిగా ఉంటుంది కాబట్టి. విశాఖ, కాకినాడ వాళ్లకి ఆ ఉక్కలో ఫ్యాను పెద్దగా పనిచేయదు, చిల్లర్‌కి డబ్బు దాచుకోవాలి. నీళ్లు శుభ్రం చేసే చీటో నాచు పెంచే గది గురించి అడుగుతారు. చోటుంటే మంచిదే, రాత్రిళ్లు లైటు వేయండి. చోటు లేకపోతే మాత్రం దానికోసం కరెంటు పోయినప్పటి నీళ్లకని వదిలిన ఆ ఖాళీ తినేయకండి. ఫిల్టర్ సాక్స్ మూడు నాలుగు రోజులకోసారి మార్చలేకపోతే అసలు పెట్టకండి.

కబోర్డు 710 గ్రేడ్ మెరైన్ ప్లైతోనే చేయించండి, ఎండీఎఫ్ తేమకి ఉబ్బిపోతుంది. తలుపు తీస్తే సంపు మొత్తంగా బయటికి వచ్చేలా, స్కిమ్మర్ కప్పు పైకెత్తి తీసేంత ఎత్తు ఉండేలా ముందే కార్పెంటర్‌కి కొలతలు ఇవ్వండి. ఇన్వర్టర్ ఉంటే రిటర్న్ పంపు కన్నా ముందు పై టాంకులో నీళ్లు కదిలించే వేవ్‌మేకర్‌ని దానికి కలపండి, చేపలకి ప్రాణవాయువు అందేది ఆ కదలికతోనే. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరే కావాలి, స్క్వేర్ వేవ్ మీద మామూలు మోటార్లు గుయ్‌మంటూ వేడెక్కుతాయి. ప్లగ్ బోర్డు సంపు పైన కాదు, పక్క గోడకి, నీటి మట్టం కన్నా ఎత్తులో బిగించండి. ప్రతి వైరూ బోర్డుకి చేరేముందు ఒకసారి కిందికి వేలాడేలా వదలండి, జారే నీటిచుక్క అక్కడే రాలిపోతుంది. ఆ లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంపే స్విచ్) పెట్టించాకే ఆ నీళ్లలో చెయ్యి పెట్టండి.