రోగం పేరు బండి మీదా?

మా అమ్మాయికి పదహారు నిండి లైసెన్సు చేతికి రాగానే, మా ఆయన తన పాత కొరోలా కారు దాని పేరు మీద పెట్టేశారు. అప్పటికి మా అమ్మ తెనాలి నుంచి అమెరికాలో మా ఊరు ఫ్రీమాంట్ వచ్చి నెల. మూడు తరాల ఆడవాళ్ళం ఒక ఇంట్లో ఉంటే పోట్లాడుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. ఈసారి నంబరు ప్లేటు దొరికింది.

ఇక్కడ మామూలు ప్లేటు వద్దనుకుంటే ఇంకొంచెం డబ్బు కట్టి ప్రత్యేకమైనది తెచ్చుకోవచ్చు. ఆ అదనపు డబ్బులో కొంత, ప్లేటు ఏ మంచి పని పేరు మీద ఉందో దానికి వెళ్తుంది. ఛాలెంజర్ అంతరిక్ష నౌక ప్రమాదం తర్వాత 1987లో ఫ్లోరిడా ఆ వ్యోమగాముల స్మృతిగా ఒక ప్లేటు తెచ్చింది, తర్వాత చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. టెక్సస్‌లో ఏడాదికి 30 డాలర్లు కడితే 22 ఆ ప్లేటు తాలూకు సంస్థకు చేరతాయి. మా కాలిఫోర్నియాలో తిమింగలం తోక బొమ్మది ఒకటి, యోసెమిటీది ఒకటి. పిల్లల ఆరోగ్యం, భద్రత కోసం ఇచ్చే ప్లేటులో నంబరుతో పాటు గుండె, నక్షత్రం, చెయ్యి లాంటి గుర్తొకటి పెట్టించుకోవచ్చు. మా పిల్ల గుండె గుర్తు తీసుకుంటుందనుకున్నాను. అది గులాబీ ప్లేటు కావాలంది, రొమ్ము క్యాన్సర్‌ది. రిబ్బను బొమ్మ, ‘ఎర్లీ డిటెక్షన్ సేవ్స్ లైవ్స్’ అనే మాట, ముందే కనిపెడితే ప్రాణాలు నిలుస్తాయని. మొదట 50 డాలర్లు, ఆపైన ఏటా 40. తన వేసవి ట్యూషన్ల డబ్బుతో కడతానంది.

అమ్మ ముందు నంబరు సంగతి అడిగింది. "కూడితే తొమ్మిది వస్తుందా?" ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసులో 9999 కోసం లక్షలు పోసి వేలం పాడే జనం మధ్య నుంచి వచ్చిన మనిషి, అడగక ఏం చేస్తుంది? వరసలో ఏది వస్తే అదేనమ్మా అన్నాను. తర్వాత ఇంకో అభ్యంతరం తీసింది. "దానం చేస్తే గుప్తంగా చెయ్యాలే పిల్లా, బండికి కట్టుకుని ఊరేగకూడదు." మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండానే, "మన రామాలయంలో ట్యూబులైటు మీద దాత పేరు ఎంత ఉంటుందండీ అత్తయ్యగారూ? వెలుతురు రాదు దాంతో," అన్నారు. అమ్మ నవ్వలేదు.

రాత్రి పప్పు తిరగమోత వేస్తూ అసలు మాట బయటపెట్టింది. "రోగం పేరు బండి మీదేంటే? చూసినవాళ్ళు మనింట్లో ఎవరికో ఉందనుకోరూ?"

ఉంది మరి. మా పెద్దమ్మకు వచ్చింది. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. రొమ్ములో గడ్డ తగిలి ఏడాది దాకా ఎవరికీ చెప్పలేదావిడ. గుంటూరులో ఆపరేషనయితే, ఊళ్ళో గర్భసంచి తీయించారని చెప్పాం. నేనూ చెప్పాను, అలాగే చెప్పమన్నారు కాబట్టి. పెద్దక్కకు సంబంధాలు చూస్తున్నారు, పెళ్ళివారికి తెలిస్తే వెనక్కి పోతారని భయం. రెండేళ్ళకు పెద్దమ్మ పోయింది. అక్క పెళ్ళయింది. ఆ జబ్బు పేరు మా ఇంట్లో ఈ రోజుకీ ఎవరూ పలకరు, ‘ఆ జబ్బు’ అంటారు.

అమెరికా వచ్చిన కొత్తలో డాక్టరు దగ్గర కాగితం నింపమన్నారు. కుటుంబంలో ఎవరికైనా క్యాన్సర్ ఉందా అన్న చోట ‘లేదు’ అని టిక్కు పెట్టాను. ఎవరికి దాచాలని పెట్టానో ఇప్పటికీ అర్థం కాదు. ఇక్కడ పెళ్ళివారెవరున్నారు? నలభై దాటాక మామోగ్రామ్‌కి, అంటే రొమ్ము ఎక్స్‌రేకి, వెళ్ళినప్పుడు దిద్దించాను. ఆ రోజు మా పిల్ల పక్క కుర్చీలో హోంవర్క్ చేసుకుంటోంది. నర్సుతో నేనన్నది విని, కార్లో అడిగింది. "పెద్దమ్మమ్మకి క్యాన్సరా? మరి నాకెందుకు చెప్పలేదు? నా కాగితాల్లో కూడా రాయాలి కదా?" ప్లేటు ఆలోచన అప్పుడే పుట్టిందని నాకు చాలా రోజుల తర్వాతగాని తెలియలేదు.

ఇవన్నీ అమ్మకు చెప్పలేకపోయాను. పిల్ల చెప్పింది, తన వచ్చీరాని తెలుగులో, చపాతీలు వత్తుతూ. ఇన్సూరెన్సు లేని ఆడవాళ్ళకు ఉచితంగా పరీక్ష చేయించడానికే ఈ డబ్బు వెళ్తుందంది. 2014లో చట్టం చేసినా, 7,500 మంది ముందే డబ్బు కడితేగాని ప్లేటు తయారు చేయమన్నారని, ఆ జబ్బు దాటిన ఆడవాళ్ళే పట్టుబట్టి అంతమందిని పోగుచేశారని చెప్పింది. "వాళ్ళు సిగ్గు పడలేదు అమ్మమ్మా." అమ్మ చపాతీ తిప్పింది. "మా అక్కకు సిగ్గు కాదే. పిల్ల పెళ్ళి ఆగుతుందని," అంది. మా అమ్మ నోట పెద్దమ్మ జబ్బు సంగతి నేను విన్నది అదే మొదటిసారి.

ప్లేటు వచ్చేసరికి దసరా వచ్చింది. లివర్‌మోర్ గుడి పార్కింగులో వాహన పూజలకు వరస. అమ్మ చెంగు దోపుకుని ప్లేటుకు పసుపు రాసింది, రిబ్బను మీద కాకుండా పక్కగా. కుంకుమ బొట్లు మాత్రం నంబర్ల మీదే పెట్టింది, కూడితే పదమూడు వచ్చే వాటి మీద. పక్క కారావిడ, మన వైపు మనిషే, వంగి చూసి అడిగింది. "ఏంటండీ ఆ రాత?"

"ముందుగా చూపించుకోమని," అంది అమ్మ. ఒక్క క్షణం ఆగి, "నువ్వు చూపించుకున్నావా అమ్మా?" అంది.

ఆవిడేమందో నాకు వినబడలేదు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టమని పంతులుగారు కేకేశారు.