టోయిక్ రాస్తున్నారా? ‘వేర్’ దగ్గర కాస్త ఆగండి

కొరియాలో చదువుకుంటూ టోయిక్ (డిగ్రీకి, ఉద్యోగానికి స్కోరు చూపించే ఇంగ్లిష్ పరీక్ష) రాయబోతున్న మనవాళ్ల కోసం ఇది. ఇంగ్లిష్ మీడియంలో చదివాం కదా, ప్రిపరేషన్ ఎందుకు అనుకోకండి. రెండు గంటల్లో 200 ప్రశ్నలు, టైమ్‌తోనే సగం టెన్షన్.

నేను కొరియన్ ఫ్రెండ్స్‌తో కలిసి చదివాను. ఇక్కడ ‘స్టడీ’ అంటేనే గ్రూప్ స్టడీ. లేటుగా వెళ్తే ఫైన్ కూడా!

వాళ్లను బాగా తిప్పలు పెట్టింది ‘వేర్’ (wear, అంటే ధరించి ఉండటం) అనే చిన్న క్రియ. పార్ట్ 1లో ఆరు ఫొటోలుంటాయి. ఒక్కోదానికి నాలుగు వాక్యాలు వినిపిస్తారు, పేపర్ మీద అవి ఉండవు. ఫొటోకి సరిపోయేది ఎంచుకోవాలి. హెల్మెట్‌తో పనిచేస్తున్న మనిషి ఫొటో ఇచ్చారనుకోండి. ‘హీ ఈజ్ వేరింగ్ ఎ హెల్మెట్’ కరెక్ట్. ‘పుటింగ్ ఆన్’ అన్నారంటే అప్పుడే తలకు పెట్టుకుంటున్నాడని, కాబట్టి తప్పు. కొరియన్‌లో ఈ రెండింటికీ ‘స్సుగో ఇత్తా’ అనేస్తారు. పైగా బట్టలకు ‘ఇప్తా’, బూట్లకు ‘సిన్తా’, టోపీకి ‘స్సుదా’, వాచీకి ‘ఛాదా’. ఇంగ్లిష్‌లో అన్నిటికీ వేర్ ఒక్కటే.

మనమూ చీర కట్టుకుంటాం, చొక్కా తొడుక్కుంటాం, కళ్లజోడు పెట్టుకుంటాం. కానీ ‘పెట్టుకున్నాడు’, ‘పెట్టుకుంటున్నాడు’ మనకెప్పుడూ కలిసిపోవు. ఇంగ్లిష్‌లోనే ఆలోచించమని అందరూ చెప్తారు గానీ, ఈ ఒక్క చోట ఆప్షన్‌ని తెలుగులో అనుకుని చూడండి, వెంటనే తేలిపోతుంది.

‘బీయింగ్’ వినబడితే ఫొటోలో ఆ పని చేస్తున్న మనిషి ఉన్నాడా అని చూసుకోండి. అరలు ‘ఆర్ బీయింగ్ స్టాక్‌డ్’ అంటే ఎవరో ఒకరు సర్దుతూ కనబడాలి. ‘బీయింగ్ డిస్‌ప్లేడ్’కి (ప్రదర్శనకు పెట్టి ఉండటం) మాత్రం ఆ పట్టింపు లేదు, మనిషి లేకపోయినా కరెక్టే.

వాక్యంలో ఖాళీలు పూరించే పార్ట్ 5కి వచ్చేసరికి మనదీ వాళ్లదీ ఒకటే జబ్బు. ప్లాన్ ‘గురించి’ మాట్లాడే అలవాటు రెండు భాషల్లోనూ ఉంది కాబట్టి ‘డిస్కస్ అబౌట్’ నోటికి వచ్చేస్తుంది. అక్కడ అబౌట్ ఉండకూడదు. మీటింగ్‌‘కి’ అటెండ్ అయ్యానంటాం కదా, ఇంగ్లిష్‌లో ‘అటెండ్ ద మీటింగ్’ చాలు, ‘టు’ పెట్టకూడదు. అందుకే క్రియను ఒంటరిగా కాకుండా పక్కన వచ్చే మాటతో కలిపి రాసుకోండి: ‘రిప్లై టు ద లెటర్’, కానీ ‘ఆన్సర్ ద లెటర్’. కొరియన్ గైడ్లు ఇలాంటి జంటలను బాగా ఇస్తాయి. అర్థాల కాలమ్ చదవలేకపోయినా ఉదాహరణ వాక్యాల కోసం కొనుక్కోవచ్చు.

స్కోరు రెండేళ్లే చెల్లుతుంది. డిగ్రీ కోసమో ఉద్యోగం కోసమో ఎప్పుడు చూపించాలో చూసుకుని డేట్ బుక్ చేసుకోండి.