చెలమ నీళ్లు

పసిఫిక్ సముద్రం నడుమ ఒక చిన్న ద్వీపంలో చర్చి పని మీద రెండేళ్లు ఉండి, ఊరికి తిరిగొచ్చి నెల దాటింది. చూడ్డానికి వచ్చినవాళ్లందరూ అక్కడ ఏం తిన్నావు, ఒక్కదానివే భయం వేయలేదా, నెలకు ఎంత ఇచ్చేవాళ్లు అని అడిగారు. మా జేజి, అంటే నాయనమ్మ, ఒక్కతే వేరే మాట అడిగింది. "చుట్టూ ఉప్పు సముద్రమే అంటివి గదా మ్మా, మరి తాగేదానికి నీళ్లెట్ల?"

మాది పామిడి దగ్గర పల్లె. జేజి వయసులో ఉన్నప్పుడు ఎండాకాలమంతా పెన్న ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్లు టెంకాయ చిప్పతో తోడి బిందె నింపుకొచ్చేది. ఆమెకు చెప్పిన జవాబే ఇక్కడ రాస్తున్నాను.

నేను రెండేళ్లు ఉన్నది బేరు అనే ద్వీపంలో. కిరిబాటి అనే దేశంలో, గిల్బర్ట్ దీవుల వరుసలో దక్షిణం వైపు ఉంటుంది. దేశం పేరును వాళ్లు కిరిబాస్ అని పలుకుతారు. వాళ్ల భాషకు 13 అక్షరాలే, 'టి' రాసి 'స్' అంటారు. దేశంలోని 33 దీవులూ కలిపితే నేల 811 చదరపు కిలోమీటర్లు. మన పాత అనంతపురం జిల్లాలో ఇరవయ్యో వంతు కూడా కాదు. ఫిజీలో విమానం మారి రాజధాని తరావా చేరాలి, అక్కడి నుంచి చిన్న విమానంలో బేరు.

ఆ చోటే ఎందుకంటే, నాకు చిన్నప్పటి నుంచి ఒక ఆశ ఉండేది. మా పెద్దవాళ్లకు బైబిలు వాక్యం తెచ్చింది లండన్ మిషన్ అనే క్రైస్తవ సంఘం. వాళ్లు బళ్లారికి 1810లో, కడపకు 1822లో వచ్చారు. అంతకు ముందే, 1797లో, వాళ్ల ఓడ పసిఫిక్‌లోని తహితి దీవి చేరింది. బేరు వైపు దీవులకు మాత్రం 1870లో అదే సముద్రంలోని సమోవా దీవుల నుంచి వచ్చిన బోధకులు వెళ్లారు. సముద్రం మీద బతికినవాళ్లే సముద్రం మీద బతికేవాళ్లకు చెప్పారు. ఆ సంగతి చదివిన రోజు నుంచి నా మనసు అటే లాగింది.

పొద్దున ఐదున్నరకు గంట. పాత గ్యాస్ సిలిండర్‌ను చెట్టుకు వేలాడదీసి ఇనుప కడ్డీతో కొడతారు. ప్రార్థన, తర్వాత బడిలో పిల్లలకు లెక్కలు, ఇంగ్లీషు. మధ్యాహ్నం చేప, అన్నం, కొబ్బరి. బియ్యం ఓడ మీద రావాల్సిందే. ఓడ ఆలస్యమైతే పనసకాయలాంటి బ్రెడ్‌ఫ్రూట్ ఉడికించుకునేవాళ్లం. సాయంత్రం మగవాళ్లు కొబ్బరి చెట్టెక్కి పాటలు పాడుతూ గెల గీసి తియ్యటి కల్లు దించుతారు. దాన్ని కరేవే అంటారు. పులియక ముందే పిల్లలకు పోస్తారు. కల్లు పేరు చెబితేనే మా ఇంట్లో అమ్మ ముఖం ఎట్లా మారేదో నాకు తెలుసు. అందుకే మొదటి రెండు నెలలు నేను ముట్టలేదు. పాస్టరమ్మగారి చంటిబిడ్డ తాగుతుంటే చూసి, ఆ తర్వాత తాగాను.

ఇక నీళ్లు. ద్వీపం అంటే పగడపు రాయి, ఇసుక. పడిన వాన ఆ ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీళ్ల మీద పాల మీద మీగడలాగా తేలి ఉంటుంది. అందుకే బావి మనిషి లోతు తవ్వితే చాలు. ఒక రోజు పిల్లలకు బైబిల్లో బావి దగ్గర యేసు నీళ్లడిగిన సమరయ స్త్రీ కథ చెబుతూ ఆ బావి చాలా లోతు అన్నాను. ఎంత లోతని అడిగారు. మా నాయన వేయించిన బోరు 500 అడుగులు, అయినా నీళ్లు పడలేదు అని చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అంత లోతు తవ్వితే సముద్రం రాలేదా అని ఒక పాప అడిగింది.

ఆ పాప మాట నేను అప్పుడే పట్టించుకుని ఉండాల్సింది. ఒక పెద్ద విందుకు ట్యాంకు నింపాలి. చిన్న పెట్రోల్ మోటారు దొరికింది. ఇక్కడ బోరు నీళ్లు ఎట్లా వదులుతామో అట్లే బావిలో పైపు వేసి రెండు గంటలు తోడించాను. మర్నాడు ఆ నీళ్లు నోట్లో పెట్టుకోలేకపోయాం. లెక్క ఏమిటంటే, మంచినీళ్లు సముద్ర మట్టానికి ఒక అడుగు పైన నిలిస్తే కింద దాదాపు నలభై అడుగుల మంచినీటి పొర నిలవగలదు. పైన ఒకేచోట గట్టిగా తోడితే అడుగున ఉన్న ఉప్పు పైకి లేస్తుంది. ఆ బావి ఒక కుటుంబానిది, తొమ్మిది మంది తాగేది. మూడు వారాలు వాళ్ల ఆడపిల్లలు వేరే బావికి నడిచారు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు.

ఊరి పెద్దలు కూచునే చోటు మనేబా. స్తంభాల మీద పెద్ద కప్పు, గోడలుండవు, ఒక్కో కుటుంబానికి దాని చోటు దానికుంటుంది. అక్కడ నిలబడి "కబరా ఆవు బురే" అన్నాను, నా తప్పు క్షమించండి అని. ఏడుపొచ్చి ఆ మూడు మాటలు కూడా సరిగా పలకలేదు. ఆ ఇంటి ముసలమ్మ నన్ను పక్కన కూచోబెట్టుకుంది. మర్నాడు తన బావి దగ్గరికి తీసుకెళ్లి చిన్న డబ్బాతో పైపైన తోడి చూపించింది. తొందరపడకు, ఊరనీ, అంది. అది జేజి చెప్పే మాటే. చెలమ దగ్గర కూచున్నప్పుడల్లా అదే అనేది.

2023 ఆగస్టు నాకు మరపురాదు. 2022లో అక్కడ వానల్లేక ప్రభుత్వం విపత్తు ప్రకటించింది. మరుసటి ఏడాది ఎల్ నినో వచ్చింది. పసిఫిక్ నడుమ నీళ్లు వేడెక్కితే మేఘాలు అటు జరుగుతాయి. వాళ్లకు వానలు, మనకు చాలాసార్లు కరువు. ఆ నెల చర్చి రేకుల మీద వాన మోత, ట్యాంకులు పొర్లుతున్నాయి. అదే వారం సిగ్నల్ దొరికి ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ గొంతు పొడిగా ఉంది. "ఊడలు దిగే టయానికి ఒక్క చినుకు లేదు పాపా. బుడ్డ చెట్లు వాలిపోయినాయి." బుడ్డలంటే వేరుశనగ. మన దేశంలో 1901 నుంచి అంత తక్కువ వాన పడిన ఆగస్టు లేదని తర్వాత తెలిసింది.

ఆ సాయంత్రం ప్రార్థనలో అందరూ వానకు స్తోత్రం చెబుతున్నారు. నా వంతు వచ్చింది. నోరు పెగల్లేదు. దేవుడి మీద కోపం కాదు. ఆ మోత వింటూ మా నాయన చేను కళ్ల ముందు పెట్టుకుని కృతజ్ఞత చెప్పడం నాకు చేతకాలేదు. ఏమైందని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మర్నాటి నుంచి ముసలమ్మలు రోజూ మా ఊరికి వాన అడిగారు. వాళ్లకు 'ప' లేదు, 'డ' లేదు. పామిడిని బామిరి అనేవాళ్లు. బామిరికి వాన ఇవ్వు అని, ఆ పంటంతా ఎండిపోయాక కూడా, నేను బయల్దేరే రోజు వరకూ అడిగారు.

ఇప్పుడు నాయన గుంటక తోలి, విత్తనం బుడ్డలు వలిచి పెట్టుకుని ఉన్నాడు. నిన్న రాత్రి పాస్టరమ్మగారి పెద్ద పాప మెసేజ్ పెట్టింది. బామిరిలో వాన పడిందా అని. జేజికి చదివి వినిపించాను. ఆమె వాకిట్లోకి పోయి తూర్పుదిక్కు చూసొచ్చి, "మబ్బయితే పట్టింది, ఇంకా పడలేదని రాయి మ్మా" అంది. అట్లే రాశాను.