కేజీహెచ్ దగ్గర అన్నం పెట్టే మా ట్రస్టుకి 12ఏ, 80జీ తెచ్చుకున్న కథ

ఆదివారం మధ్యాహ్నం విశాఖలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) బయట, రోగుల వెంట వచ్చినవాళ్లకి భోజనం పెడతాం. పాడేరు వైపు నుంచి, శ్రీకాకుళం పల్లెల నుంచి వచ్చి రోజుల తరబడి ఆరుబయటే గడిపేవాళ్లు చాలామంది. మొదట్లో మా నలుగురి జేబు డబ్బులతోనే నడిచేది. ఒకసారి స్టీల్‌ప్లాంట్‌లో రిటైరైన ఒక పెద్దాయన, "పాతికవేలు ఇస్తాను బాబూ, 80జీ రసీదు ఇవ్వగలరా?" అని అడిగారు. అంటే ఇచ్చిన విరాళానికి ఆయనకి ఆదాయపు పన్నులో మినహాయింపు తెచ్చే రసీదు. ఇవ్వలేకపోయాం. అలా మొదలైంది.

2021లో ట్రస్ట్ డీడ్ రిజిస్టర్ చేయించి, పాన్ తీసుకుని, ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ దరఖాస్తు, ఫారం 10ఏ వేశాం. ఆదాయపు పన్ను చట్టంలోని 12ఏ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ ఉంటే ట్రస్టు ఆదాయానికి పన్ను ఉండదు, 80జీ సెక్షన్ కింద ఉంటే మనకి ఇచ్చినవాళ్లకి మినహాయింపు, ఈ రెండూ వేరువేరు, దేని దరఖాస్తు దానిదే. పెద్దగా ఏమీ అడక్కుండానే మూడేళ్లు చెల్లే ప్రొవిజనల్ (తాత్కాలిక) రిజిస్ట్రేషన్ వచ్చేసింది. మూడేళ్ల టైముంది కదా అనుకున్నాం, అదే పొరపాటు. ప్రొవిజనల్ ముగియడానికి కనీసం ఆరు నెలల ముందు గానీ, సేవ మొదలుపెట్టిన ఆరు నెలల్లోపు గానీ, రెండింట్లో ఏది ముందొస్తే అప్పటికి రెగ్యులర్ రిజిస్ట్రేషన్ కోసం ఫారం 10ఏబీ వెయ్యాలట. మేం ఎప్పటినుంచో అన్నం పెడుతున్నాం, అంటే గడువు ఎప్పుడో దాటిపోయినట్టే. ఆడిటర్ గారు ఆ మాట చెప్పిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. అదృష్టం కొద్దీ 2024 ఏప్రిల్‌లో సీబీడీటీ (ప్రత్యక్ష పన్నుల కేంద్ర బోర్డు) సర్క్యులర్ ఇచ్చి గడువు జూన్ 30 దాకా పొడిగించింది, ఆలోపు వేసేశాం.

అసలు పరీక్ష ఆ తర్వాతే. మన రాష్ట్రం ట్రస్టుల ఫైళ్లు చూసేది హైదరాబాద్‌లోని ఎగ్జెంప్షన్స్ (పన్ను మినహాయింపుల) కమిషనర్ ఆఫీసు. అక్కడి నుంచి వచ్చిన నోటీసు ఆడిటర్ ఆఫీసు మెయిల్‌కి వెళ్లి అక్కడే ఉండిపోయింది, మాకు తెలిసేసరికి రెండు రోజులే మిగిలాయి. దయచేసి పోర్టల్‌లో ట్రస్టు సొంత మెయిల్, మీరు రోజూ చూసే ఫోన్ నంబరు పెట్టండి. మూడేళ్ల లెక్కలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇచ్చినవాళ్ల వివరాలు, ఖర్చుకి ఆధారాలు అడిగారు. బియ్యానికి బిల్లులున్నాయి, కానీ పూర్ణా మార్కెట్లో కూరగాయలకి బిల్లు ఎవరిస్తారు? మమ్మల్ని కాపాడింది మా వదిన నోటుపుస్తకం. మొదటి ఆదివారం నుంచీ ఏ రోజు ఎన్ని కిలోలు, ఎంత, ఎవరి దగ్గర కొన్నామో రాసి, ఇద్దరి చేత సంతకం పెట్టించేది. ఆ పేజీలన్నీ స్కాన్ చేసి పంపాం. ఇంకో చిక్కు, ట్రస్టు మూసేస్తే మిగిలిన ఆస్తి ఇలాంటి మరో ధర్మసంస్థకే పోవాలన్న షరతు మా డీడ్‌లో లేదు. మళ్లీ సబ్ రిజిస్ట్రార్ దగ్గరికెళ్లి సవరణ డీడ్ చేయించాం. కొత్తగా పెట్టేవాళ్లు ఈ షరతు మొదట్లోనే రాయించుకోండి.

రెండు ఆర్డర్లూ వచ్చాయి. అప్పటినుంచి ఏటా చెయ్యాల్సినవి ఉన్నాయి. వచ్చిన ఆదాయంలో 85 శాతం సేవకే ఖర్చు పెట్టాలి, ఆడిట్ చేయించి ట్రస్టులు వేసే పన్ను రిటర్ను ఐటీఆర్-7 వెయ్యాలి. వీటికన్నా నాకు టెన్షన్ పెట్టేది మే 31. ఆలోపు దాతల పాన్, చిరునామా, ఇచ్చిన మొత్తంతో ఫారం 10బీడీ వేస్తేనే వాళ్లకి మినహాయింపు కోసం చూపించే 10బీఈ సర్టిఫికెట్ వస్తుంది, మన రసీదు ఒక్కటే చాలదు, ఆలస్యమైతే రోజుకి 200 రూపాయల ఫీజు. డబ్బు తీసుకునేటప్పుడే పాన్ అడగండి, మేలో ఫోన్లు చేస్తూ కూర్చుంటే అయ్యే పని కాదు. 2,000 దాటిన నగదుకి 80జీ రాదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకి అసలే రాదు. ఈ రెండు మాటలూ దాతకి ముందే చెప్తాం, తర్వాత తెలిస్తే మోసపోయామనుకుంటారు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం కాబట్టి, నేను చెప్పిన సెక్షన్లు, ఫారాల నంబర్లు పాత చట్టంవి, ఇప్పటివి ఏవో చూసుకోండి.

పెద్దాయన పాతికవేలు చెక్కుగా ఇచ్చారు, ఆయనకి 10బీఈ నేనే ఇంటికి తీసుకెళ్లి ఇచ్చాను. మా రెగ్యులర్ రిజిస్ట్రేషన్ ఐదేళ్లకే, ముగియడానికి ఆరు నెలల ముందే మళ్లీ దరఖాస్తు పెట్టాలి. ఆ తేదీని వదిన తన నోటుపుస్తకం అట్ట లోపల ఎర్ర సిరాతో రాసిపెట్టింది.