మిద్దె వెనక కోళ్లు: అనంతపురంలో ఏడో నెల

జనవరిలో ఆరు వారాల గ్రామప్రియ రకం కోడిపిల్లలు ఎనిమిది తెచ్చాను. ఇప్పుడు ఆరు పెట్టలున్నాయి, రోజుకు నాలుగు గుడ్లు, ఒక్కోరోజు ఐదు. తగ్గిన రెండూ పుంజులు. వాటి సంగతే ముందు చెప్పాలి, టౌన్‌లో కోళ్లు పెంచేవాళ్లకు అసలు టెన్షన్ అక్కడే.

ఏప్రిల్‌లో కూత మొదలైంది. పదిరోజులకు పక్కింటక్క గోడ దగ్గరికి వచ్చి, "మా నాయనకు మాత్ర వేస్తే గానీ నిద్ర రాదప్పా, నాలుగ్గంటలకే మీ పుంజు లేపుతాంది" అనింది. ఆ రాత్రి గంప బోర్లించి, పైన రెండు గోనెసంచులు కప్పాను. చీకట్లో కూడా సరిగ్గా నాలుక్కే కూసింది. పుంజు వెలుగు చూసే కూయదు, దాని లోపలి గడియారమే దాన్ని కూయిస్తుంది. మరుసటి ఆదివారం రెండింటినీ మా పెద్దమ్మ వాళ్ల ఊర్లో వదిలి వచ్చాను. పుంజు లేకున్నా పెట్ట గుడ్డు పెడుతుంది, ఆ గుడ్డు పొదగదు అంతే. ఇంటి వాడకానికి పుంజు అవసరమే లేదు.

అప్పుడే రూల్స్ కూడా చూశాను. శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం ఇళ్లుండే చోట రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పరిమితి 45 డెసిబుల్స్. పుంజు కూత దానికి చాలా పైన. చుట్టుపక్కల వాళ్లకు ఇబ్బంది కలిగించే పని భారతీయ న్యాయ సంహిత 270వ సెక్షన్ కింద పబ్లిక్ న్యూసెన్స్, 292వ సెక్షన్ కింద వెయ్యి రూపాయల దాకా జరిమానా. జరిమానా సంగతి అటుంచి, రాత్రి నిద్రపోలేని ఆ పెద్దాయన ముఖం చూశాక నాకు ఇంకో ఆలోచన రాలేదు.

కూత పోయినా వాసన ఉంటుంది. షెడ్ పొడవు ఆరడుగులు, వెడల్పు నాలుగడుగులు. కింద బుడ్డల (వేరుశనగ) పొట్టు నాలుగు అంగుళాల మందం పరిచాను. మన దగ్గర చవగ్గా దొరుకుతుంది, బూజు పట్టనిదే తీసుకోవాలి. రోజూ గుప్పెడు తీసి గట్టిగా పిసుకుతాను. ముద్దయితే తడెక్కువని అర్థం, సున్నం చల్లి తిరగేస్తాను. వదలగానే విడిపోతే బాగున్నట్టే. ఘాటంతా తడి పెంట నుంచి వచ్చే అమ్మోనియాదే. పెంట కాలువలో వేయను, గుంతలో ఆకులతో కలిపి ఎరువు చేస్తున్నాను.

మే నెల కష్టంగా గడిచింది. మధ్యాహ్నం ముక్కులు తెరిచి, రెక్కలు దించి రొప్పేవి. తడి గోనెపట్టాలు కట్టి, నీళ్లు గంటకోసారి మార్చి, మేత పొద్దున, సాయంత్రం చల్లపూటే వేశాను. ఒక్కోదానికి రోజుకు నూరు, నూట పది గ్రాములు: జొన్నలు, నూకలు, తవుడు, విడిగా కాల్షియం కోసం గుల్లల పొడి. తొలి గుడ్డు జూన్ మొదటి వారంలో పెట్టింది.

కొక్కెర తెగులు (కోళ్లకు వచ్చే వైరస్ జబ్బు) రాకుండా పిల్లల ఎనిమిదో వారం వయసులో రెక్క దగ్గర టీకా సూది వేయించాను. టీకా ఐస్‌లో తేవాలి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. సీసాలో వంద కోళ్లకు సరిపడా ఉంటుంది కాబట్టి వీధిలో కోళ్లున్న నాలుగిళ్లను ముందే కూడగట్టుకున్నాం. బర్డ్ ఫ్లూ తేలితే ఒక కిలోమీటరు లోపల ఉన్న కోళ్లన్నీ చంపేస్తారు, పెరటివి కూడా. అందుకే బయటినుంచి కొత్త కోడి వస్తే రెండు వారాలు వేరే ఉంచుతాను.

మొన్నటి వానకు జల్లు ఒకవైపు పొట్టును తడిపేసింది. ఈ ఆదివారం షెడ్ పైరేకు అడుగున్నర ముందుకు జరపాలి.