38 బొంగరాలు, ఒక కళ్ళజోడు సంచి

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ప్రభుత్వ బడుల్లో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది. ఆ రోజు మా ఊరి ప్రాథమిక పాఠశాలలో కూడా సందడే సందడి. తల్లులం ముగ్గులు వేశాం. నాన్నలు రెండు జట్లుగా చేరి తాడు లాగారు. పిల్లలు అరుగు మీద వరసగా కూర్చుని మాకు చప్పట్లు కొట్టారు. ఇంటికి నడిచి వస్తుంటే మా అబ్బాయి అడిగాడు: "మీరందరూ ఆడుకున్నారు కదా, మరి మాకెప్పుడమ్మా?" అప్పుడు వాడు మూడో తరగతి. నా దగ్గర జవాబు లేదు. ఆ మాట మాత్రం మనసులో ఉండిపోయింది.

మాది అనకాపల్లి జిల్లాలో, ఎలమంచిలికి దగ్గర్లో ఒక చిన్న ఊరు. నేను ఇంట్లో మిషను కుడతాను. బడి తల్లిదండ్రుల కమిటీలో సభ్యురాలిని. అందుకే 2025లో కమిటీ కూర్చున్నప్పుడు, నవంబరు 14 బాలల దినోత్సవం పని నేను చూసుకుంటానని ముందే చెప్పేశాను. టీచర్లకు కూడా అదే రోజు ఏదైనా చేద్దామనుకున్నాం. ఆ ఏడాది సెప్టెంబరు 5న మిలాద్ ఉన్ నబీ సెలవు రావడంతో ఉపాధ్యాయ దినోత్సవం అలాగే గడిచిపోయింది మరి.

మా బడిలో పిల్లలు 38 మంది. ఒక మాస్టారు, ఒక టీచరు గారు, ఒక ఆయా, మధ్యాహ్న భోజనం వండే ఇద్దరు అక్కలు. మాస్టారిని అడగడానికి వెళ్తే ఆయన సంతోషించారు గానీ రెండు షరతులు పెట్టారు. "చేయండమ్మా. కానీ పిల్లల దగ్గర ఒక్క రూపాయి కూడా వసూలు చేయొద్దు. మాకు డబ్బు పెట్టి ఖరీదైనవేవీ కొనొద్దు." ఎందుకని అడిగాను. "యాభై తెచ్చినవాడూ తేలేనివాడూ ఒకే బల్ల మీద కూర్చోవాలి కదమ్మా" అన్నారు. ఆ మాట విన్నాక ఇంకేం అడగాలనిపించలేదు. కమిటీలో ఏడుగురు తల్లులం తలా మూడు వందలు వేసుకున్నాం. 2,100 రూపాయలు. దాంతోనే మొత్తం గడవాలి.

పిల్లలకు ఏమివ్వాలన్నది తేలడానికి వారం పట్టింది. మొదట అందరూ పెన్నులు, నోటుపుస్తకాలు అన్నారు. కానీ పుస్తకాలు, నోటుపుస్తకాలు, బ్యాగు, యూనిఫారం, బూట్లు అన్నీ ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థి మిత్ర కిట్‌లో వచ్చేశాయి. ఉన్నదే మళ్ళీ ఇస్తే అది కానుక ఎలా అవుతుంది? ఒకామె టోకున ప్లాస్టిక్ కార్లు తెద్దామంది. నిజం చెప్పాలంటే అవి రెండో రోజుకే చక్రాలు ఊడిపోతాయి, మూడో రోజు చెత్తలో ఉంటాయి. నాకు మనసొప్పలేదు. చదువుకు పనికొచ్చేదే కానుక అనే ఆలోచన కూడా నాకు నచ్చలేదు. బాలల దినోత్సవం రోజైనా వాళ్ళ చేతికి ఒక ఆటవస్తువు రావాలి.

అప్పుడు గుర్తొచ్చింది ఏటికొప్పాక. మా జిల్లాలోనే, వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు. ఆ లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి కొనుక్కెళ్తారు. పక్కనే ఉన్న మా పిల్లల్లో చాలామంది వాటిని చేత్తో పట్టుకుని కూడా చూడలేదు. ఒక ఆదివారం నేను, మా అబ్బాయి బస్సులో వెళ్ళి హైవే దగ్గర దిగి ఆటో ఎక్కాం.

అక్కడ ఒక పెద్దాయన మా కళ్ళ ముందే బొంగరం చేసి చూపించారు. అంకుడు కర్ర ముక్కను మిషనుకు బిగించి తిప్పుతుంటే ఉలి తగిలిన చోటల్లా పొట్టు తెల్లటి రిబ్బనులా లేచి పడుతోంది. నిమిషంలో బొంగరం ఆకారం వచ్చేసింది. ఆ తర్వాత తిరుగుతున్న కర్రకు రంగు లక్కను గట్టిగా ఆనించారు. రాపిడి వేడికి లక్క కరిగి చుట్టూ పసుపు గీతలా పాకింది. దాని పక్కన ఎరుపు, ఆ పక్కన నీలం. చివర్లో మొగలాకు మడతపెట్టి అద్దితే ఒక్కసారిగా అద్దంలా మెరిసింది. మా అబ్బాయి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. "ఈ రంగులు దేంతో చేస్తారు తాతా?" అని అడిగాడు. "పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు. నువ్వు నోట్లో పెట్టుకున్నా భయం లేదురా" అన్నారాయన. చేతి వేళ్ళతో తిప్పే చిన్న బొంగరాలు ఒక్కొక్కటి 25 రూపాయలకు ఇచ్చారు. 38 బొంగరాలకు 950. పిల్లల బడికని చెప్పాక రెండు ఎక్కువే వేశారు.

వాటిని రంగు కాగితాల్లో చుట్టలేదు. నా దగ్గర జాకెట్టు కట్ పీసులు బస్తాడు ఉంటాయి. వాటితో 38 చిన్న బొందు సంచులు కుట్టాను. ఏ రెండూ ఒకే రంగు కాదు. పాత శుభలేఖల అట్టలు కత్తిరించి, హాజరు పట్టీ చూసి ఒక్కొక్కరి పేరు రాసి బొందుకు కట్టాను. ఒకే పేరున్న అమ్మాయిలు ఇద్దరున్నారు, వాళ్ళకు ఇంటిపేరుతో సహా రాశాను. పేరు రాయడానికి రెండు సాయంత్రాలు పట్టింది. ఈ పని ఎవరు చేసినా ఇది మాత్రం మానొద్దని చెబుతాను. పంచేటప్పుడు పిల్లలు బొంగరం కంటే ముందు చూసుకున్నది పేరునే.

టీచర్లకు ఏమివ్వాలో పిల్లలనే అడిగాను. సాయంత్రం మా ఇంటి ముందు ఆడుకునేవాళ్ళను కూర్చోబెట్టి, "మాస్టారికి ఏం కావాలో మీకు తెలుసా?" అన్నాను. పిల్లలకు తెలియనిది లేదు. మాస్టారు కళ్ళజోడు ఎక్కడో పెట్టేసి రోజుకు నాలుగుసార్లు వెతుక్కుంటారట. టీచరు గారికి సుద్ద పొడి పడదట, బోర్డు మీద రాసిన ప్రతిసారీ దగ్గుతారట. ఆయా ఆంటీ చీర కొంగుకే తాళాలు ముడేసుకుంటారట. వంట అక్కలు వేడి గిన్నెలను పాత గుడ్డలతో దించుతుంటే చేతులు కాలుతున్నాయట. ఏళ్ళుగా ఆ బడికి వెళ్ళి వస్తున్న నాకు ఇందులో ఒక్కటీ తెలియదు.

మాస్టారికి ముదురు నీలం గుడ్డతో, లోపల మెత్తటి అస్తరు వేసి కళ్ళజోడు సంచి కుట్టాను. మెడలో వేసుకునేలా లాడీ పెట్టాను. ఆయాకు తాళాల కోసం జిప్పు ఉన్న నడుము సంచి. వంట అక్కలకు జీన్స్ ప్యాంటు గుడ్డ నాలుగు మడతలు వేసి, మధ్యలో పాత దుప్పటి ముక్క పెట్టి గిన్నెలు పట్టుకునే గుడ్డలు. టీచరు గారికి ఎలమంచిలిలో స్టేషనరీ షాపులో సుద్దముక్కలు బిగించే హోల్డర్లు రెండు కొన్నాం. డబ్బు పెట్టి కొన్నది అదొక్కటే. మాస్టారు కాదనలేదు.

ఆటల సంగతికొస్తే అసలు టెన్షన్ అక్కడే పడ్డాను. ముందు ఆదివారం వీధి పిల్లలతో మా వాకిట్లో ఒకసారి ఆడించి చూశాను. నిమ్మకాయ చెంచా పందెంలో పెద్దవాళ్ళు గెలిచి గంతులేశారు, ఒకటో తరగతి పిల్లలు నిమ్మకాయ పడిపోయి ఏడ్చారు. కుర్చీలాటలో ముందే ఔటైన పిల్లలు పావుగంట ఊరికే గోడకు ఆనుకుని నిలబడ్డారు. బుడగ పగిలిన చప్పుడుకు ఒక బాబు చెవులు మూసుకుని లోపలికి పరుగెత్తాడు. ఆ మూడూ తీసేశాను. ఒక్కరు గెలిచి ముప్పై ఏడుగురు ఓడిపోయే ఆటలు ఆ రోజుకు వద్దని గట్టిగా అనుకున్నాను.

కుర్చీలాటను ఇలా మార్చాం. కుర్చీల బదులు కిరాణా కొట్లో అడిగి తెచ్చిన గోనెసంచులు ఎనిమిది నేల మీద పరిచాం. వంట అక్క కంచం మీద గరిటెతో దరువు వేస్తున్నంతసేపూ పిల్లలు చుట్టూ తిరగాలి. దరువు ఆగగానే అందరూ సంచుల మీదకు ఎక్కాలి. ప్రతిసారీ ఒక సంచి తీస్తాం, పిల్లల్ని మాత్రం తీయం. చివరికి రెండే సంచులు మిగిలాయి. సగం సగంగా ఆడారు కాబట్టి వాటి మీద 19 మంది! ఐదో తరగతి వాళ్ళు చిన్నవాళ్ళను ఎత్తుకున్నారు, ఒంటికాలి మీద నిలబడ్డారు, ఒకరి నడుం ఒకరు పట్టుకున్నారు. టీచరు గారు కూడా చెప్పులు వదిలేసి వాళ్ళ మధ్య దూరారు.

పెద్ద ఆట వైకుంఠపాళి. పటం మీద కాదు, బడి ఆవరణలో. అక్టోబరు చివర్లో మొంథా తుపానుకు ఆవరణంతా బురదై, వేపకొమ్మ ఒకటి విరిగి పడింది. నవంబరు రెండో వారానికి గానీ నేల ఆరలేదు. 13వ తేదీ సాయంత్రం మేకులు కొట్టి, పురికొస లాగి, గడికి రెండు అడుగుల లెక్కన 36 గళ్ళు ముగ్గుపిండితో గీశాం. పిల్లలే కాయలు. బిస్కెట్ల అట్టపెట్టెకు తెల్ల కాగితం అంటించి, నల్ల చుక్కలు పెట్టి పాచిక చేశాం. మొదటిసారి విసరగానే మూల నలిగిపోయింది. విప్పి లోపల గుడ్డముక్కలు కూరితే గట్టిపడింది, చక్కగా దొర్లింది కూడా.

నిచ్చెనలకూ పాములకూ పేర్లు పిల్లలే పెట్టారు. పాత వైకుంఠపాళిలో మంచి గుణాలకు నిచ్చెనలు, చెడ్డ గుణాలకు పాములు ఉంటాయని మాస్టారు చెప్పగానే చేతులన్నీ పైకి లేచాయి. "పక్కవాడి పెన్సిలు తీసుకుని ఇవ్వకపోతే పాము!" "చేతులు కడుక్కోకుండా గుడ్డు తింటే పాము!" "ఏడ్చేవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంటే నిచ్చెన!" ఇలా నాలుగు పాములు, నాలుగు నిచ్చెనలు తేలాయి. ప్రతి జట్టులో ఒకటి నుంచి ఐదు వరకు అన్ని తరగతుల పిల్లలూ ఉండేలా నాలుగు జట్లు చేశాం. చుట్టు చుట్టుకూ కాయ మారుతుంది కాబట్టి ఎవరూ ఖాళీగా ఉండరు.

రెండో తరగతిలో ఒక పాప ఉంది. బడిలో గొంతు విప్పదు. ఆమె వంతు వచ్చినప్పుడు పాచిక ఐదు పడింది. గడి గడికీ రెండు కాళ్ళతో గెంతుతూ "ఒకటి, రెండు, మూడు..." అని గట్టిగా లెక్కపెట్టింది. ఆ ఐదో గడిలో నిచ్చెన. జట్టంతా కేకలు. టీచరు గారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు గానీ ఏమీ అనలేదు. పాప మళ్ళీ నోరు మూసేసుకుంటుందేమోనని ఆ భయం.

మూడో చుట్టుకే ముగ్గంతా చెరిగిపోయింది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఐదో తరగతి మగపిల్లలు పరుగెత్తుకెళ్ళి విరిగిపడిన వేప పుల్లలు తెచ్చి గీతల మీద పేర్చేశారు. ఆట ఆగలేదు.

భోజనాల ముందు టీచర్లను కుర్చీల్లో కూర్చోబెట్టి కానుకలు ఇచ్చాం. ఇంకొకటి కూడా చేశాం. ఒక ఖాళీ హార్లిక్స్ సీసాలో పిల్లలు ఒక్కొక్కరు టీచర్ల గురించి ఒక్క మాట రాసి వేశారు. రాయడం రానివాళ్ళు బొమ్మ గీశారు, లేదా చెబితే పెద్దవాళ్ళు రాసిపెట్టారు. మాస్టారు కళ్ళజోడు సంచి మెడలో వేసుకుని, అందులోంచే కళ్ళజోడు తీసి పెట్టుకుని, చీటీలు ఒక్కొక్కటిగా పైకి చదివారు. "మీరు సైకిల్ మీద వస్తుంటే మేము పరుగెత్తి గేటు తీస్తాం." "జ్వరం వస్తే మా ఇంటికి వచ్చారు." ఒక చీటీ దగ్గర ఆగిపోయారు. చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నారు. తర్వాత నాకు చూపించారు. వంకర అక్షరాలతో "మీరు కొట్టరు" అని మాత్రమే ఉంది.

ఒక తప్పు మాత్రం జరిగింది, అది నాదే. అంగన్‌వాడీ కేంద్రం కూడా బడి ఆవరణలోనే ఉంది. బొంగరాల సంచులు పంచుతుంటే 11 మంది చిన్నపిల్లలు గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నారు. వాళ్ళను నేను లెక్కలో వేసుకోనే లేదు. నా దగ్గర ఎక్కువ ఉన్నవి రెండే రెండు బొంగరాలు. ఆ నిమిషం ఇప్పటికీ గుర్తొస్తే బాధగానే ఉంటుంది. వంట అక్క లోపలి నుంచి వేరుశనగ చిక్కీలు తెచ్చి వాళ్ళ చేతుల్లో పెట్టింది. మా బడి పిల్లలు కొందరు వాళ్ళను వరసగా నిలబెట్టి రైలు కట్టి ఆవరణ చుట్టూ తిప్పారు. వాళ్ళు నవ్వుతూనే వెళ్ళారు. అయినా చేతిలో ఆటవస్తువు ఏదీ లేకుండా వెళ్ళిన సంగతి నాకు తెలుసు. మర్నాడే మిషను దగ్గర కూర్చుని గుడ్డముక్కలతో 11 మెత్తటి బంతులు కుట్టి, సోమవారం పొద్దున్నే అంగన్‌వాడీ టీచర్‌కు ఇచ్చి వచ్చాను.

లెక్కలు చూస్తే మొత్తం ఖర్చు 1,870 రూపాయలు. మిగిలిన 230తో మాస్టారు తెల్ల రంగు డబ్బా తెప్పించారు. వరండా నేల మీద ఇప్పుడు ఆ 36 గళ్ళూ చెరగకుండా ఉన్నాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లలు వాళ్ళంతట వాళ్ళే ఆడుకుంటున్నారు. పాములకూ నిచ్చెనలకూ పేర్లు మాత్రం రంగుతో రాయలేదు, సుద్దతో రాస్తున్నారు. వారానికోసారి పిల్లలు వాటిని మార్చుకుంటున్నారట. ఈ సంవత్సరం పని మొదలుపెట్టడానికి నేను నోటుబుక్కు తెరిచి మొదటి పేజీలో రాసుకున్నాను: బడి 38, అంగన్‌వాడీ 11.