మోకాలి వెనుక పిడుదు

గత కార్తికంలో వనభోజనాల కోసం కొండపల్లి అడవిలో రోజంతా తిరిగి విజయవాడ చేరిన సాయంత్రం, స్నానం చేస్తుండగా మోకాలి వెనుక మడతలో పుట్టుమచ్చలాంటిదేదో వేలికి తగిలింది. గోటితో గీకబోయి, ఎందుకో ఆగి, అద్దం పెట్టి చూస్తే దానికి కాళ్లున్నాయి.

గుంటూరు జిల్లాలోని మా ఊళ్లో గేదెల చెవుల్లోంచి పిడుదులు ఏరడం చూస్తూ పెరిగినదాన్నే అయినా, నా ఒంటి మీద కనబడేసరికి చేతులు వణికాయి. "కాస్త కిరసనాయిలు రాయవే, అదే ఊడిపడుతుంది" అన్నది నాయనమ్మ. పశువుల విషయంలో ఆమె మాటకు ఎదురు చెప్పేవారు మా ఇంట్లో లేరు గానీ, ఈ ఒక్క సలహా మాత్రం పాటించకూడనిది. కిరసనాయిలు పోసినా, అగ్గిపుల్లతో కాల్చినా, గోళ్లరంగు పూసినా బెదిరిన పిడుదు తనలోని ద్రవాన్ని గాయంలోకే కక్కే ప్రమాదం ఉంది.

మా చెల్లెలు కనుబొమలు తీర్చుకునే సన్నమొన పట్టకారు తెచ్చి, ఉబ్బిన పొట్టను కాక, చర్మానికి ఆనుకుని ఉన్న మూతి భాగాన్ని పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగింది. చర్మం చిన్న గుడారంలా లేచింది, కొన్ని క్షణాలకు పట్టు వదిలింది. మూతి ముక్క లోపల మిగిలి, తేలికగా రాకపోతే కెలకకుండా వదిలేయడమే మేలు. చర్మమే దాన్ని బయటికి నెట్టేస్తుంది. సబ్బుతో కడిగి స్పిరిట్ రాసి, పిడుదును టేపుకు అంటించి దాచి, గోడ క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టాను. తర్వాతి కొన్ని వారాల్లో జ్వరమో దద్దుర్లో వస్తే వైద్యునికి మొట్టమొదట చెప్పవలసినది ఈ సంగతే.

1957లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లాలో బయటపడిన క్యాసనూరు అడవి జ్వరం పిడుదుల వల్ల వచ్చేదే కాబట్టి, పడమటి కనుమలకు ట్రెక్కింగ్‌కు వెళ్లేవారు దాన్ని గుర్తుంచుకోవాలి. మన దగ్గర తరచు వినబడే స్క్రబ్ టైఫస్ జ్వరం మాత్రం పిడుదుది కాదు, కంటికి ఆననంత చిన్న చిగ్గర్ పురుగుది. సిగరెట్టుతో కాల్చినట్టు నల్లని పెచ్చు కట్టడం దాని గుర్తు, అయితే అది అందరిలోనూ కనబడదు. సకాలంలో గుర్తిస్తే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌తో నయమవుతుంది.

పిడుదు ఎగరదు, దూకదు. గడ్డికొసన ముందుకాళ్లు చాచి, రాసుకుపోయే ఒంటి కోసం కాచుకుని ఉంటుంది. అందుకే ఇప్పుడు బాట నడుమనే నడుస్తున్నాను, లేతరంగు ప్యాంటు అంచులను సాక్సుల్లోకి దోపుతున్నాను (ఫొటోల్లో ఎంత వికారంగా ఉన్నా సరే), చర్మానికి పురుగులను దరిచేరనివ్వని డీట్ ఉన్న మందు రాస్తున్నాను. పెర్మెత్రిన్ అనే పురుగుమందు బట్టలకే తప్ప ఒంటికి పనికిరాదు. ఇంటికి రాగానే బట్టలను మరిగే నీళ్లలో వేసి, చంకలు, గజ్జలు, బొడ్డు, చెవుల వెనుక, జుట్టు కుదుళ్లు తడిమి చూసుకుంటాను. మోకాలి వెనుక మాత్రం చెల్లెలే చూస్తుంది.